లోపల ఏమీ లేని గ్యాస్ మీటరు

దెయ్యాలు, ఆత్మలు అంటూ కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ ఒళ్ళుమంట. పదిహేడేళ్ళుగా ఫ్యాక్టరీల్లో సేఫ్టీ ఆఫీసరుగా పనిచేస్తున్నాను. మనుషుల ప్రాణాలు తీసేవేంటో నాకు బాగా తెలుసు. సరిగ్గా బిగించని నిచ్చెన, అతుకులేసిన వైరు, "ఏటవుద్దిలే బాబూ" అనే మాట. వీటికి తోడు దెయ్యాలు కూడానా అనుకునేవాణ్ణి. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను. కానీ ఒక్క సంగతి మాత్రం ఎంత ఆలోచించినా బుర్రకి ఎక్కడం లేదు. అందుకే రాస్తున్నాను.

మా నాన్న గోదావరి జిల్లా నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చారు. నేను పెరిగింది ఉక్కునగరం క్వార్టర్స్‌లో, చదివింది కెమిస్ట్రీ. ఇప్పుడు పనిచేస్తున్నది పోర్టుకి దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో. పేరు రాయను, నా ఉద్యోగం నాక్కావాలి.

ఆ ఉద్యోగం ఏమిటంటే రోజంతా అరవడం. హెల్మెట్లు ఇస్తే పీటలుగా వేసుకు కూర్చుంటారు. గ్లవ్స్ ఇస్తే పొయ్యి మీంచి గిన్నెలు దించడానికి ఇంటికి పట్టుకెళ్తారు. నేను షెడ్డు మలుపు తిరగ్గానే "సేఫ్టీ సారొస్తన్నాడ్రోయ్" అని ఒక కేక. దాంతో అందరి గడ్డాల కింద పట్టీలు టకటకా బిగుసుకుంటాయి. నేను అటు వెళ్ళగానే మళ్ళీ ఊడతాయి. మా మేనేజరుగారు ఇంకో రకం. ఆయన దృష్టిలో సేఫ్టీ అంటే గోడకి అంటించిన పోస్టరు.

మా ఫ్యాక్టరీలో భూమిలోపల ఒక మురుగునీటి ట్యాంకు ఉంది. అప్పుడప్పుడు మనిషి దిగి అడుగున పేరుకున్న బురద తీయాలి. ఆ బురద కదిపితే విషవాయువు వస్తుంది. మొదట కుళ్ళిన గుడ్ల వాసన కొడుతుంది. గ్యాస్ ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు. వాసన పోయింది కాబట్టి గ్యాస్ పోయిందనుకుని మనిషి ఇంకో మెట్టు దిగుతాడు. ఇక అంతే సంగతులు. అందుకే దిగేవాడి బెల్టుకి గ్యాస్ మీటరు ఉండాలి. అరచేతిలో పట్టేంత పసుపు పెట్టె. గ్యాస్ తగిలితే కీచుమని కూస్తుంది.

ఎండాకాలంలో మా దగ్గరున్న ఒకే ఒక్క మీటరు పాడైంది. స్టోర్స్ ఆయన దాని లోపలి సెన్సరూ బ్యాటరీ తీసేసి రిపేరుకి హైదరాబాదు పంపాడు. సరిగ్గా అదే వారం తనిఖీ వచ్చింది. మేనేజరుగారు నన్ను పిలిచి, "మీటరు లేదని చెప్పుకుంటామా? పై డొల్ల ఉందిగా, ఎవడి బెల్టుకైనా తగిలించు. వచ్చినవాళ్ళు విప్పి చూస్తారా ఏంటి?" అన్నారు. మరీ తేలిగ్గా ఉంటే అనుమానం వస్తుందని స్టోర్స్ ఆయన రెండు నట్లు గుడ్డపీలికలో చుట్టి లోపల పెట్టాడు కూడా.

నేను ఒప్పుకున్నాను. అది ఒక తప్పు. ఇంకో తప్పు దానికంటే పెద్దది. ట్యాంకులో దిగాలంటే నేను సంతకం చేసిన అనుమతి కాగితం ఉండాలి, దాన్ని పర్మిట్ అంటాం. ఫైలు నిండుగా కనబడాలని ఆ వారానికి సరిపడా పర్మిట్లు ముందే నింపి సంతకాలు పెట్టేశాను. 'గ్యాస్ పరీక్ష' అన్న చోట 'చేశాం, గ్యాస్ లేదు' అని నా చేత్తోనే రాశాను. అన్ని ఫ్యాక్టరీల్లోనూ చేసేదే కదా అనుకున్నాను. రోజూ అందర్నీ తిట్టే పెద్దమనిషిని నేను!

తనిఖీ అయిపోయింది. మర్నాడు పొద్దున్న పదకొండింటికి సూపర్‌వైజరు ఫైల్లో నా సంతకం చూసి ట్యాంకులోకి మనిషిని దింపేశాడు. నాకు ఒక్క మాట చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది, సంతకం ఉందిగా.

దిగింది సింహాచలం. జాలరి కుటుంబం, నలభై ఏళ్ళుంటాయి. అన్నదమ్ములు ఇంకా వేటకి వెళ్తున్నారు, ఇతను మాత్రం సముద్రాన్ని నమ్ముకోలేనని ఫ్యాక్టరీకి వచ్చాడు. పైన తాడు పట్టుకున్నది అతని బావ నూకరాజు. బెల్టుకి ఉన్న మీటరు ఉత్త డొల్ల అని వాళ్ళిద్దరికీ తెలియదు. ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

ఆ సమయానికి నేను క్యాంటీన్ నుంచి ఆఫీసుకి వస్తున్నాను. ట్యాంకు వైపు నుంచి కీచుమని కూత వినబడింది. మూడు కూతలు, కాస్త విరామం, మళ్ళీ మూడు. ఆ మీటరు కూసేది అలాగే. నేను పొరబడే చప్పుడు కాదు. ముందు కాళ్ళు పరిగెత్తాయి. సగం దూరం వెళ్ళాక గుర్తొచ్చింది, ఫ్యాక్టరీ మొత్తానికి కూయగలిగే మీటరు ఒక్కటీ లేదని.

నేను చేరేసరికి సింహాచలం మ్యాన్‌హోల్‌లోంచి తల బయటపెట్టాడు. పైగా నా మీదే విసుక్కున్నాడు.

"ఏటి బాబూ ఇది, అడుక్కి ఇంకా రెండు మెట్లుందనగా ఒకటే గోల, సెవులు సిల్లులు పడిపోనాయి! కుళ్ళు కంపు ఇందాకే పోనాది, ఇంకేటి గేసు?"

కంపు పోయిందన్న మాట వినగానే అతని రెక్క పట్టుకుని బయటికి లాగేశాను.

మీటరు లాక్కున్నాను. అప్పటికి కూత ఆగిపోయింది. వాళ్ళ వైపు వీపు పెట్టి నిలబడి వెనక మూత విప్పాను. రెండు నట్లు, ఒక గుడ్డపీలిక. ఇంకేమీ లేదు. పక్క ఫ్యాక్టరీ వాళ్ళ మీటరు అడిగి తెచ్చి, తాడుకి కట్టి లోపలికి దింపితే అది కూయడం మొదలుపెట్టి ఇక ఆగలేదు. ఆ రెండు మెట్లూ దిగి ఉంటే సింహాచలం పైకి వచ్చేవాడు కాదు. అతణ్ణి తీయడానికి నూకరాజు దిగేవాడు, అతనూ వచ్చేవాడు కాదు.

కారణం కోసం నేను వెతకని చోటు లేదు. ఫోన్లా అంటే, గేటు దగ్గరే తీసేసుకుంటారు. సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి వెనక్కి వచ్చేటప్పుడు కూస్తుంది గానీ ఆ రోజు దాన్ని బాగుచేయడానికి విప్పేసి షెడ్డులో పెట్టారు. తర్వాత పనిగట్టుకుని దాన్ని కూయించి విన్నాను, ఆ చప్పుడే వేరు. నూకరాజుని విడిగా కూర్చోబెట్టి అడిగాను. "బెల్టు కాడే కూసినాది బాబూ. నాను పైనుంచి సూత్తన్నాను కదా, ఎర్రలైటు కూడా ఎలిగింది" అన్నాడు. లైటు వెలగాలన్నా బ్యాటరీ ఉండాలి కదా!

మేనేజరుగారికి జరిగింది చెప్పి కొత్త మీటర్లు అడిగాను. ఆయన, "బ్యాటరీ లేకుండానే కూసిందంటున్నావు, మరి కొత్తవెందుకయ్యా?" అన్నారు. హాస్యమాడుతున్నారేమో అని ముఖంలోకి చూశాను. లేదు, నిజంగానే అడుగుతున్నారు. ఆ రోజు నేను అరిచిన అరుపు క్యాంటీన్ దాకా వినబడిందట. రాజీనామా కాగితం బల్ల మీద పెడితే గానీ కొత్త మీటర్లు రాలేదు. పర్మిట్ మీద నేనేం రాశానో మాత్రం ఆయనకీ చెప్పలేదు, ఇంకెవరికీ చెప్పలేదు.

తలనొప్పి అక్కడితో తీరితే బాగుండేది. కొత్త మీటరు ఎవరూ తగిలించుకోరు. పాతదే కావాలట! దానికి కుంకుమ బొట్టు పెట్టారు. విశ్వకర్మ పూజ రోజు మెషీన్లకంటే ముందు దానికే బంతిపూల దండ వేశారు. లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేస్తే పని మానేసి కూర్చున్నారు.

"కొత్తది కూత్తాదో కూయదో ఎవులికి తెలుసు బాబూ? ఇది కూసినాది, మా సెవుల్తో ఇన్నాం" అంటాడు సింహాచలం.

బతికున్న మీటరు మీద నమ్మకం లేదు, చచ్చినదాని మీద ఉంది. వీళ్ళతో ఎలా వేగాలి? చివరికి కొత్తది ఛాతీ మీద, పాతది బెల్టుకి అని రాజీపడ్డాం. అది డొల్ల అని ఒక్క మాట చెప్పేస్తే గొడవ వదిలిపోయేది. కానీ చెబితే, మరి ఆ రోజు మమ్మల్ని ఎందుకు దింపారని అడుగుతారు. అడిగితే నా సంతకం బయటికి వస్తుంది.

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం సింహాచలం భార్య గేటు దగ్గరికి వచ్చి నన్ను పిలిపించింది. పేరు గౌరి. అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. చేతిలో స్టీలు క్యారేజీ ఉంది.

"మీరిచ్చిన మిసనే మావోణ్ణి నాకు దక్కించినాది బాబూ. డూటీకెల్తే తిరిగొచ్చిందాకా గుండె గుబగుబలాడిపోయేది. ఇప్పుడు నేదు, బాబుగోరు సూసుకుంతారని నిబ్బరంగా ఉంతన్నాను. కోనాం సేప పులుసు, మీకోసమే వొండినాను" అంటూ క్యారేజీ ముందుకి చాపింది.

నిజం నోటిదాకా వచ్చింది. ఆ పెట్టెలో ఏమీ లేదమ్మా, మీ ఆయన్ని చావుకి పంపిన కాగితం మీద సంతకం నాదేనమ్మా అని చెప్పాలి. ఆమె ఎండలో నిలబడి నవ్వుతోంది. నేను "ఎందుకమ్మా ఇవన్నీ" అన్నాను, అంతే.

రెండు నట్లూ ఒక గుడ్డపీలికా ఎలా కూశాయో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ క్యారేజీ అందుకోవడానికి నాకు చేతులెలా వచ్చాయో, అదీ తెలియదు.