తార్నాకలో ఆగిన ఇంటి బండి

మేం యూనివర్సిటీ క్యాంపస్‌లో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. మే నెల. కరోనా రెండోసారి విరుచుకుపడిన ఏడాది. సికింద్రాబాద్ నుంచి ఆర్మీ ట్రక్కులో వచ్చాం. నేను హవల్దార్‌ని. బండ్లు బాగుచేస్తాను, నడుపుతాను. నాతో ఒక నర్సింగ్ అసిస్టెంట్, శ్రీకాకుళం మనిషి. మా పైన సుబేదార్ సాబ్, గుంటూరు వైపు ఆయన.

యూనివర్సిటీ హాస్టల్ ఒకటి ఖాళీ చేయించి రోగులకు ఇచ్చారు. ముందు వేపచెట్లు. వెనక గోడ అవతల మాణికేశ్వర్ నగర్ డాబాలు, వాటి మీద ఆరేసిన బట్టలు. గేటు నుంచి హాస్టల్ దాకా పైపుల కోసం రోడ్డు తవ్వి వదిలేశారు. గాలి వీస్తే ఎర్రదుమ్ము లేచి కిటికీల దాకా వచ్చేది.

నాకు అప్పగించిన బండిని చూసి మొదట నవ్వొచ్చింది. అది మోటార్‌హోమ్. ఎవరో ట్రావెల్స్ యజమాని సాయంగా ఇచ్చాడు. మినీ బస్సంత ఉంటుంది. లోపల సోఫా, చిన్న గ్యాస్ పొయ్యి, సింకు, కిటికీలకు పూల కర్టెన్లు. మేమంతా దాన్ని ఇంటి బండి అనేవాళ్లం. సోఫాను మంచంగా మార్చి, పక్కన గాలిలోంచి ఆక్సిజన్ తీసే మిషన్ పెట్టారు. హాస్టల్‌లో ఎవరికైనా ఊపిరి తగ్గితే ఈ బండిలో పెద్దాసుపత్రికి చేర్చాలి. అక్కడ బెడ్ దొరికేదాకా గేటు ముందు లైన్లో, బండిలోనే ఉంచాలి. మిషన్‌కు కరెంటు ఇంజన్ నుంచే రావాలి. బండిలోని బ్యాటరీ పాతది, అది ఒక్కటే మిషన్‌ను మోయలేదు. అవసరానికి ఒక చిన్న సిలిండర్ ఉంది.

సుబేదార్ సాబ్ ఇచ్చిన ఆర్డర్ ఒక్కటే. "లోపల పేషెంటు ఉన్నంతసేపు ఇంజన్ ఆగకూడదు. అర్థమైందా?"

"అయింది సాబ్."

నేను మంచులో పనిచేశాను, ఎడారిలో పనిచేశాను. అక్కడా భయపడ్డాను. కానీ అక్కడి భయానికి ఒక దిక్కుండేది. అటువైపు తుపాకీ పెట్టి పడుకునేవాళ్లం. ఇక్కడ ఏ దిక్కుకు తిరగాలో తెలియదు. తలుపు గొళ్లెం పట్టుకోవాలన్నా భయం, పక్కవాడు దగ్గినా భయం. ప్లాస్టిక్ సూట్‌లో చెమట బూట్లలోకి కారేది. రాత్రి ఇంటికి ఫోన్ చేస్తే గొంతు మామూలుగా ఉంచడం కోసం ముందు నీళ్లు తాగేవాణ్ణి.

రెండో వారంలో ఒక ఉదయం బండి తనిఖీ చేస్తున్నాను. ఇంజన్‌కు వెళ్లే గాలి మొదట ఒక నల్ల డబ్బాలోంచి పోతుంది. ఆ డబ్బాలో కాగితపు మడతల ఫిల్టర్ ఉంటుంది, దుమ్మును పట్టుకోవడానికి. దానికి డ్రైవర్ ముందు ఒక చిన్న గుర్తు అద్దం. ఫిల్టర్ శుభ్రంగా ఉంటే పచ్చరంగు కనిపిస్తుంది, మూసుకుపోతే ఎరుపు. ఆ రోజు ఎరుపు కనిపించింది.

ఫిల్టర్ తీసి చూశాను. ఎవరో ఎప్పుడో ఆ ఫిల్టర్‌ను నీళ్లతో కడిగి మళ్లీ పెట్టారు. కాగితం ఉబ్బి, మడతలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఒకచోట చిరుగు కూడా పడింది. చిరిగిన ముక్క లోపలికి పోతే ఇంజన్‌కు గాలి తోసే టర్బో దెబ్బతింటుంది. కాగితపు ఫిల్టర్‌ను కడగకూడదు, నేలకేసి కొట్టకూడదు. మార్చాలి, అంతే.

వైర్‌లెస్ సెట్‌లో సుబేదార్ సాబ్‌కు చెప్పాను. "సాబ్, ఇంటి బండి ఫిల్టర్ మార్చాలె."

"షాపులన్నీ మూసేశారు కదయ్యా! ఎక్కడ తెస్తావ్?"

తార్నాకలో స్పేర్ పార్టుల షాపాయన యాదగిరి నంబరు దొరికింది. షాపు పైనే ఇల్లు. ఫోన్ చేస్తే, "మధ్యాహ్నం రా సార్, షటర్ సగం లేపుత. ఏదుంటే గది తీస్క పో" అన్నాడు.

మధ్యాహ్నం దాకా ఆగే వీలు లేకపోయింది. హాస్టల్ మెస్‌లో వంటచేసే లక్ష్మమ్మకు ఆక్సిజన్ పడిపోతోందని కబురు. నలభై దాటిన మనిషి. రోగులకు వండుతూ తనే రోగం తెచ్చుకుంది. వేరే అంబులెన్స్ కోసం సుబేదార్ సాబ్ అన్నిచోట్లా అడిగాడు. ఏదీ ఖాళీ లేదు. పాత ఫిల్టర్‌నే మళ్లీ బిగించి బయలుదేరాను.

తార్నాక వంతెన ఎక్కుతుంటే బండి బరువెక్కింది. యాక్సిలరేటర్ తొక్కుతున్నాను, కదలడం లేదు. పక్క అద్దంలో వెనక నల్లటి పొగ. వెనక నుంచి మిషన్ కుయ్యికుయ్యిమని అరవడం మొదలుపెట్టింది.

"కరెంటు చాలట్లేదు అన్నా! మిషన్ ఆగిపోతాది!" నర్సింగ్ అసిస్టెంట్ కేకేశాడు.

"సిలిండర్ పెట్టు. ఎంతసేపు వస్తది?"

"అరగంట. అంతకు మించి రాదు."

ఎలాగో వంతెన దించి యాదగిరి షాపున్న గల్లీలోకి తిప్పాను. షాపు ముందే ఇంజన్ ఒకసారి వణికి ఆగిపోయింది. అంత నిశ్శబ్దం నేను మంచుకొండల్లో కూడా వినలేదు. రోడ్డు మీద మనిషి లేడు. సిలిండర్ లోంచి గాలి సన్నగా సుస్సుమంటున్న చప్పుడు ఒక్కటే.

లోపలి నుంచి లక్ష్మమ్మ గొంతు. మాస్కులోంచి ముక్కలు ముక్కలుగా వస్తోంది. "సార్... బండి ఆగిందా?"

"లేదమ్మా, ఇంజన్‌కు నీళ్లు పోస్తున్న."

"మా ఆయన ఆటో నడుపుతడు సార్. నాకు తెల్వదా? ఆగింది." ఊపిరి తీసుకుంది. "నాకు అబద్ధం చెప్పకు. భయమైతది."

"ఆగింది. మళ్ల నడిపిస్త."

"మాట్లాడకు అక్కా, మాట్లాడితే ఆక్సిజన్ పడిపోతాది" అంటున్నాడు నర్సింగ్ అసిస్టెంట్.

యాదగిరి షటర్ మోకాళ్ల దాకా లేపి రెండు ఫిల్టర్లు బయటికి తోశాడు. నేను అప్పుడే ఊడదీసి పట్టుకున్న పాత ఫిల్టర్ వైపు వంగి చూస్తూ లోపలే ఉండిపోయాడు. అతనికీ భయమే. అయినా షటర్ లేపాడు.

"ఫస్టుది నీ సైజే సార్. కరెక్టు కూసుంటది. రెండోది బస్సుది. ఇంజన్ గదే గని, జరంత పొడుగుంటది."

మొదటిది పాతదాని పక్కన పెట్టాను. ఎత్తు సరిపోయింది, చుట్టుకొలత సరిపోయింది. మడతల మీద వేలితో నొక్కాను. కాగితం మెత్తగా లోపలికి పోయింది. లోపల ఇనుప జాలీ లేదు. అంచు రబ్బరు ఎండిన చెప్పుతోలులా ఉంది. ఫోన్ టార్చి లోపల పెట్టి తిప్పాను. జిగురు వదిలిన చోట సూదిమొనంత వెలుతురు బయటికొచ్చింది.

"ఏదో ఒకటి పెట్టెయ్ అన్నా! అసలు ఫిల్టర్ లేకుండానే పోదాం!"

నర్సింగ్ అసిస్టెంట్ అన్నదాంట్లో తప్పు లేదు. ఆసుపత్రి దాకా ఫిల్టర్ లేకుండానే పోవచ్చు. కానీ ప్రయాణం అక్కడితో అయిపోదు. గేటు ముందు, ఆ ఎండలో, ఆ దుమ్ములో ఎన్ని గంటలు ఇంజన్ నడపాలో ఎవరూ చెప్పలేరు. ఈ బండి గాలి పీల్చేది వెనక చక్రం పక్కనుంచే. మెత్తటి కాగితం ఇంజన్ లాగుడుకు ముడుచుకుపోతే మళ్లీ ఇదే కథ. అప్పుడు సిలిండర్ కూడా ఉండదు.

రెండోది తీసుకున్నాను. రబ్బరు వేలికి మెత్తగా తగిలింది. లోపల గట్టి జాలీ. మడతలు దగ్గరదగ్గరగా, నిటారుగా ఉన్నాయి. టార్చి పెడితే ఎక్కడా వెలుతురు చుక్క లేదు. నడిమి రంధ్రం పాతదాని కొలతే. ఎత్తే ఒక వేలు మందం ఎక్కువ.

పాత ఫిల్టర్ చిరుగు దగ్గర ఒక ముక్క లేదు. పైపులో చేయి పెట్టి వెతికాను. దొరికింది, టర్బోకు జానెడు దూరంలో. తీసి పారేశాను. డబ్బాలోని మట్టిని తడిగుడ్డతో తుడిచాను. ఊదితే లోపలికి పోతుంది. కొత్తది దింపాను. మూత పెట్టాను. క్లిప్పులు అందలేదు. నొక్కాను. అందలేదు.

"సిలిండర్ ముల్లు సగం దాటింది అన్నా."

మోకాలు పెట్టి నొక్కాను. ఒక క్లిప్పు పడింది, ఎదురుది లేచింది. చెమట కళ్లల్లో పడుతోంది, తుడుచుకోవడానికి లేదు. సెట్‌లో సుబేదార్ సాబ్ గొంతు. "ఎక్కడున్నావ్? చేరావా?" సెట్ పక్కకు తోసి మళ్లీ మూత మీద పడ్డాను. తప్పుడు ఫిల్టర్ ఎంచుకున్నాను, నా వల్ల ఈమె పోతుంది. ఆ మాట ఒక్కటే బుర్రలో తిరుగుతోంది.

ఎడారిలో మా ఉస్తాద్ ఒకాయన అనేవాడు, పట్టని సామాను మీద కోపం తెచ్చుకునే ముందు అది కూర్చునే చోటు తడిమి చూడమని. ఫిల్టర్ బయటికి తీశాను. డబ్బా అడుగున వేళ్లు పెట్టి తడిమాను. గుండ్రంగా, గట్టిగా ఒక అంచు తగిలింది. అది డబ్బాది కాదు. ఏనాటి ఫిల్టర్‌దో రబ్బరు రింగు ఊడి అక్కడే అతుక్కుపోయింది. ఎండిపోయి, మట్టి పట్టి, డబ్బా రంగులో కలిసిపోయింది. డబ్బా అసలు కొలత ఈ పొడుగు ఫిల్టర్‌దే, పొట్టిది ఆ రింగు మీద కూర్చుని సరిపోయినట్టు కనిపించింది.

"యాదగిరన్నా, స్క్రూడ్రైవర్!"

షటర్ కింద నుంచి దొర్లుకుంటూ వచ్చింది. రింగును నాలుగు ముక్కలుగా పెకలించాను. ఒక్క ముక్కా లోపల పడకుండా గుడ్డ అడ్డం పెట్టాను. ఫిల్టర్ మళ్లీ దింపాను. ఈసారి అది కిందికి జారి, మెత్తగా కూర్చుంది. మూత పెట్టాను. క్లిప్పులన్నీ వరసగా టక్‌టక్‌మని పడ్డాయి. అద్దం పక్కన ఎరుపును చెరిపే బొత్తాం నొక్కాను, పచ్చరంగు వచ్చింది.

తాళం తిప్పాను. ఇంజన్ మూలిగింది, ఊరుకుంది. మళ్లీ తిప్పాను. నల్లటి పొగ ఒక్కసారి కక్కి అందుకుంది. నేను అద్దం వైపే చూస్తున్నాను. పచ్చగానే ఉంది. వెనక మిషన్ అరుపు ఆగి, మామూలు గురక మొదలైంది.

"వచ్చింది అన్నా! కరెంటొచ్చింది!"

యాదగిరి షటర్ కింద నుంచి తల బయటపెట్టి అరిచాడు. "పో సార్, జల్ది పో! ఆమెకు ఏం గాదు!"

ఆసుపత్రి గేటు ముందు అనుకున్నట్టే లైను. పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నాం. ఇంజన్ ఒక్క క్షణం కూడా ఆగలేదు. నేను సీట్లోంచి దిగలేదు. చూపు అద్దం మీదికి, ఆయిల్ ముల్లు మీదికి, మళ్లీ అద్దం మీదికి. చివరికి పేరు పిలిచారు. స్ట్రెచర్ లోపలికి వెళ్లిపోయింది. అప్పుడు ఇంజన్ ఆపాను. కిందికి దిగాను. చక్రానికి ఆనుకుని కూర్చుండిపోయాను.

లక్ష్మమ్మ బతికింది. చాలా రోజులు ఆసుపత్రిలో ఉందట. ఆమె తిరిగొచ్చేలోపే మాకు వాపసు ఆర్డర్ వచ్చింది. బండి కడిగి యజమానికి అప్పగించి, అదే ట్రక్కులో సికింద్రాబాద్ వెళ్లిపోయాం. ఆ తర్వాత నేను సర్వీసు నుంచి బయటికొచ్చాను. ఇప్పుడు అడిక్‌మెట్‌లో ఉంటున్నాను. బోర్డర్ కథలు చెప్పమని అడుగుతారు. చెబుతాను. నిద్రలో ఉలిక్కిపడి లేచేది మాత్రం ఆ కథలకు కాదు.

ఆసుపత్రి ముందు లైన్లో ఉన్నప్పుడు ఒకసారి తల తిప్పి వెనక్కి చూశాను. లక్ష్మమ్మ కళ్లు మూసుకుని ఉంది. చేయి చాపి, అరచేతిని బండి గోడకు ఆనించి పెట్టుకుంది. వేళ్లు విప్పారి ఉన్నాయి. నిద్రపోతోందా అని సైగతో అడిగాను. నర్సింగ్ అసిస్టెంట్ తల అడ్డంగా ఊపాడు. "ఇంజన్ నడుస్తోందా లేదా అని చూసుకుంటోంది అన్నా. ఎంత చెప్పినా చెయ్యి తియ్యదు."

ఆ గోడ ఇంజన్‌తో పాటు సన్నగా అదురుతోంది. దానితో పాటు ఆమె చేయి.