తప్పంతా మిషన్‌దే

మా బాబాయ్ ఏ మనిషినీ తప్పుపట్టగా నేను చూడలేదు. అది మంచితనం అనుకునేరు, కాదు. లోకంలో ఏ చెడు జరిగినా దాని వెనక ఏదో ఒక మిషన్ ఉంటుందని ఆయన గట్టి నమ్మకం. అన్నం మాడితే పొయ్యిది తప్పు. పక్కింటి పిల్ల పరీక్ష తప్పితే మార్కులు కూడిన కంప్యూటర్‌ది తప్పు. ఎదురింటాయన తప్పతాగి మెట్ల మీద పడి కాలు విరగ్గొట్టుకుంటే, "పాపం, ఆ మెట్ల లైటు ఎప్పుడూ అంతే, సమయానికి వెలిగి చావదు" అన్నాడు. ఆ మెట్లకు అసలు లైటే లేదు.

పిన్ని ఒకసారి విసిగిపోయి అడిగేసింది.

"నన్ను చేసుకోవడం కూడా మిషన్ తప్పేనా?"

"కాక? ఆ రోజు నేనెక్కాల్సిన బస్సు చెడిపోబట్టేగా మీ వీధిలో నిలబడ్డాను!"

"అయితే ఆ బస్సు డ్రైవర్ని తిట్టుకోవాలన్నమాట నేను."

"వాడేం చేస్తాడే? ఇంజనుది తప్పు."

ఇలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం మా ఊరి ఫుట్‌బాల్ స్టేడియంలో గోల్‌లైన్ మిషన్‌ను చూసుకోవడం. పాముకు కాపలాగా ముంగిసను పెట్టారని అందరూ నవ్వుకున్నారు. ఆ మిషన్ సంగతి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెప్తాను. స్టేడియం పైకప్పు కింద కెమెరాలుంటాయి. బంతి మొత్తం గోలుగీత దాటితే కెమెరాలు కంప్యూటర్‌కు చెప్తాయి. కంప్యూటర్ రెఫరీ వాచీకి చెప్తుంది. వాచీ రెఫరీ మణికట్టు మీద గిలగిలా కొట్టుకుని 'గోల్' అని చూపిస్తుంది. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది. పెద్ద లీగుల్లో అయితే వీడియో చూసి తీర్పు చెప్పే రెఫరీ వేరే ఉంటాడు. మాది పేద లీగు. మాకున్నదల్లా ఆ వాచీయే, అదీ ఒక మనిషి పోయాక వచ్చింది.

ఆ పోయినాయన లైన్స్‌మన్. వారమంతా సైకిళ్ళు బాగుచేసేవాడు, ఆదివారం జెండా పట్టుకుని గీత పక్కన పరిగెత్తేవాడు. ఒక మ్యాచ్‌లో గోలు కానిదాన్ని గోలన్నాడు. ఆ సాయంత్రమే ఆయన షాపు తగలబెట్టారు. పిల్లల్ని బడిలో కూర్చోనివ్వలేదు. మిగిలిన సామాను లారీకెత్తించుకుని వేరే ఊరు వెళ్ళిపోయాడు. ఏడాది తిరక్కుండానే, తన ప్రాణం తానే తీసుకున్నాడని కబురొచ్చింది. తరవాతి మ్యాచ్‌కు ముందు మా క్లబ్బు ఒక నిమిషం మౌనం పాటించింది. షాపుకు నిప్పంటించినవాళ్ళు కూడా టోపీలు తీసి, తలలు వంచి, చాలా బాగా నిలబడ్డారు. ఆ తరవాతే మిషన్ కొన్నారు.

గ్యాలరీ పైన గాజుగదిలో బాబాయ్ పక్క కుర్చీ నాది. స్టేడియంలో పెద్ద తెర మీద రీప్లేలు వేయడం నా పని. మ్యాచ్ రోజు పొద్దున్నే బాబాయ్ ఆ వాచీ తన చేతికి కట్టుకుని, బంతిని రకరకాలుగా గీత దాటించి పరీక్ష చేసేవాడు. వాచీ ప్రతిసారీ పలికేది.

"పలికింది కదా బాబాయ్, ఇక నమ్మొచ్చుగా?"

"ఇప్పుడు పలుకుతుందమ్మా. మ్యాచ్‌లో చూడు దీని నాటకం."

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెడిపోయిందా?"

"అదే దాని కుట్ర! అదను కోసం చూస్తోంది."

ఈ మాట ఆయన నాతోనే కాదు, టీ దుకాణంలో, మంగలి కుర్చీలో, బస్సులో పక్కన కూర్చున్న పాపానికి ఎవరితోనైనా చెప్పేవాడు. ఆయన కనపడగానే జనం, "ఏం సార్, మీ వాచీ ఇంకా చావలేదా?" అని పలకరించేవాళ్ళు. "ఇవాళో రేపో" అనేవాడు బాబాయ్, జబ్బుమనిషి సంగతి చెప్పినట్టు.

ఆ సీజన్ ఆఖరి మ్యాచ్. ఓడితే మా జట్టు కింది లీగుకు పడిపోతుంది, స్టేడియంలో సగం మందికి పని పోతుంది. గడ్డి కోసేవాడి నుంచి బట్టలుతికే ఆవిడ దాకా అందరూ గ్యాలరీలో గుడ్లప్పగించి కూర్చున్నారు. ఒకటే వాన. ఆ రోజు రెఫరీ వారమంతా కళ్ళజోళ్ళ షాపు నడుపుకునే మనిషి. ఆయన తప్పు తీర్పిస్తే ఊరు ఏమంటుందో వేరే చెప్పాలా! అందుకే పాపం, ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడించేవాడు. షాపులోలాగే మైదానంలోనూ శుభ్రం ఎక్కువ. చిన్న బురదచుక్క పడినా ఓర్చుకోలేడు.

మేం ఒక గోలు వెనకబడి ఉన్నాం. చివరి క్షణాల్లో మా స్ట్రయికర్ తలతో కొట్టిన బంతి బురదలో పడి గోల్లోకి దొర్లింది. వాళ్ళ గోల్‌కీపర్ ఒళ్ళంతా దాని మీద పడేసి బయటికి లాగాడు. అంత మంది కాళ్ళ మధ్య నా రీప్లేలో బురద తప్ప ఏమీ కనపడలేదు. బాబాయ్ ముందున్న కంప్యూటర్ తెర మాత్రం పచ్చగా వెలిగింది. గోల్!

మేమిద్దరం ఎగిరి గంతేశాం. కింద రెఫరీ, తడిసిన పొడుగు చేతుల చొక్కాలో, మణికట్టు మీద కదలిక కోసం ఒక్క క్షణం ఆగాడు. తరవాత ఆడండని చెయ్యి ఊపాడు. ఆ వెంటనే ఆట అయిపోయిందని విజిల్ ఊదేశాడు.

"కంప్యూటర్ పంపిందే! ఇదిగో, పంపిందే!" అంటూ బాబాయ్ మెట్ల మీదికి పరిగెత్తాడు. వెనకే నేను. రెఫరీతో మాట్లాడే దారి మాకు లేదు, ఆ వాచీ ఒక్కటే. మేం కిందికి చేరేసరికి ఆయన మైదానం దాటేశాడు, అంటే ఇక తీర్పు మారదు. జనం కంచె దూకుతున్నారు. కాపలావాళ్ళు రెఫరీని గదిలోకి తోస్తుంటే మేమూ దూరి లోపల గడియ పెట్టాం.

"వాచీ పలకలేదు సార్" అన్నాడు రెఫరీ బెంచీ మీద కూలబడుతూ. చూపిద్దామని కుడిచేతి చొక్కా పైకి లాగాడు. మణికట్టు బోడిగా ఉంది.

ముగ్గురం ఒకేసారి అటు తిరిగాం. చేతులు కడుక్కునే బేసిన్ అంచున, సబ్బు పక్కన, వాచీ వెల్లకిలా పడుకుని ఉంది. దాని ముఖం మీద 'గోల్' అని వెలుగుతోంది.

"హాఫ్‌టైమ్‌లో... బురదైందని..." అని ఆగిపోయాడు ఆ మనిషి. ఆయన పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. తలుపు అవతల నుంచి, "బయటికి లాగండ్రా వాణ్ణి! షాపెక్కడో తెలుసు, ఇల్లెక్కడో తెలుసు!" అని కేకలు.

బాబాయ్ వాచీ తీసుకుని కొళాయి కింద పెట్టాడు. అది ఇంకా బాగా మెరిసింది.

"వానలో కూడా పనిచేసేలా చేశారు సార్ దాన్ని" అన్నాడు రెఫరీ, అమాయకంగా.

బాబాయ్ దాన్ని గోడకేసి కొట్టాడు. గోల్. బూటు మడమతో తొక్కాడు. గోల్. "ఇన్నేళ్ళ నుంచీ చెడిపోతావని ఊరంతా చెప్పుకున్నానే! ఒక్కసారి నా మాట నిలబెట్టవే తల్లీ!" అని బతిమాలాడు. గోల్.

"బాబాయ్, బెంచీ కాలు" అన్నాను నేను.

రెఫరీని లేపాం. ఇనప బెంచీ ఎత్తి దాని కాలి కింద వాచీ పెట్టాం.

"ఇప్పుడు కూర్చోండి సార్" అన్నాడు బాబాయ్.

"నేనా?"

"మాలో బరువు మీకే ఎక్కువ."

రెఫరీ ధబ్బున కూర్చున్నాడు. 'పటక్' మంది. బాబాయ్ ఆ ముక్కలు అరచేతిలో పోసుకుని తలుపు తీశాడు.

"చెడిపోయింది!" అని అరిచాడు. "కంప్యూటర్ గోలంది, వాచీ పలకలేదు! తప్పంతా మిషన్‌దే!"

ముందున్నవాళ్ళు మెడలు సాచి ఆ ముక్కలకేసి చూశారు.

"ఈయన ముందే చెప్పాడురా" అన్నారెవరో.

"అవున్రా, ఎన్నాళ్ళ నుంచో మొత్తుకుంటున్నాడు పాపం!"

జనం వెనక్కి తిరిగారు. కెమెరాలు పీకారు, తీగలు తగలబెట్టారు. ఆ మంటల పక్క నుంచే రెఫరీ, గడ్డి కోసేవాడి వానకోటు కప్పుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

తరవాత లీగువాళ్ళు విచారణ పెట్టారు. "పొద్దున పరీక్షించి అంతా బాగుందన్నది మీరేగా?" అని అడిగాడు పెద్దాయన.

"నేనేనండి."

"బాగున్న వాచీ సాయంత్రానికి ఎలా చెడిపోయింది? మిషన్‌ది తప్పా, మీది తప్పా?"

బాబాయ్ తల గోక్కున్నాడు. "మిషన్‌దేనండి. దాన్ని సరిగ్గా చూడకపోవడం మాత్రం నాది" అన్నాడు. ఉద్యోగం ఊడింది. జట్టు కింది లీగుకు పడింది, బట్టలుతికే ఆవిడకూ పని పోయింది, నాకూ పోయింది.

ఇంటికి నడుస్తూ ఉండబట్టలేక అడిగాను. "నిజం చెప్పుంటే ఏమయ్యేది బాబాయ్?"

"గోలు తిరిగొచ్చేదా?"

"రాదు."

"నీ ఉద్యోగం వచ్చేదా?"

"ఉహూఁ."

"మరి? మిషన్‌కి పెళ్ళాం బిడ్డలుండరమ్మా. తగలబెడదామంటే షాపుండదు. ఎంత తిట్టినా దానికి నిద్ర పడుతుంది." నడుస్తూనే గొంతు తగ్గించాడు. "సైకిల్ షాపాయన జెండా ఎత్తిన రోజు గ్యాలరీలో నేనూ అరిచాను. గొంతు పోయేలా అరిచాను."

నాకు దుఃఖం ఆగలేదు. పరీక్ష తప్పిన పక్కింటి పిల్ల, కాలు విరిగిన ఎదురింటాయన, అందరూ వరసగా గుర్తొచ్చారు. ఈ మనిషిని చూసి ఇన్నేళ్ళూ పడీ పడీ నవ్వాం.

అసలు అన్యాయమైపోయింది మిషన్ కంపెనీవాళ్ళు. ఏ పాపం ఎరగని వాచీ వల్ల పరువు పోయిందని లబోదిబోమంటూ వచ్చి, పైసా తీసుకోకుండా కొత్త కెమెరాలు బిగించి, ఇంకా గట్టి వాచీ ఇచ్చి వెళ్ళారు. మరుసటి సీజన్ మొదటి మ్యాచ్‌కు బాబాయ్, పిన్ని, నేను టికెట్ కొనుక్కుని గ్యాలరీలో కూర్చున్నాం. పిన్ని స్టేడియానికి రావడం అదే మొదటిసారి. రెఫరీ ఎవరో కాదు, కళ్ళజోళ్ళాయనే.

హాఫ్‌టైమ్ అయింది. అందరికంటే చివర మైదానంలోకి వచ్చిన రెఫరీ విజిల్ ఊదకుండా మా గ్యాలరీ వైపు తిరిగాడు. కుడిచేతి చొక్కా మోచేతి దాకా మడిచి, ఆ చెయ్యి బాగా పైకెత్తి అలాగే నిలబడ్డాడు.

"ఎవరికిరా చెయ్యెత్తుతున్నాడు వీడు?" అన్నాడు మా వెనక కూర్చున్నాయన.

బాబాయ్ చటుక్కున ముఖం తిప్పుకుని ఆకాశంలోకి చూడసాగాడు. పిన్ని మాత్రం లేచి నిలబడి రెండు చేతులూ ఊపింది.

"కూర్చోవే! జనం చూస్తున్నారు" అని గుసగుసలాడాడు బాబాయ్.

"చూడనీండి" అంది పిన్ని, ఊపడం ఆపకుండా. "పెట్టుకున్నానని అంత దూరం నుంచి చెప్తున్నాడు పాపం. చూశామని చెప్పొద్దూ?"