జెండా కేకును ఎవరు తింటారు?

జెండాను కత్తితో కోయకూడదని ఎవరైనా ఒప్పుకుంటారు. మైదా, గుడ్లు, వెన్నతో చేసిన జెండాను కూడా కోయకూడదని తేల్చింది మాత్రం మా పురపాలక సంఘమే. తేల్చి ఊరుకుందా అంటే అదీ లేదు. ప్రతి జాతీయ దినోత్సవానికీ మళ్లీ అదే కేకు చేయించింది.

చేసేది క్రీమత్త. మార్కెట్ వెనక సందులో ఆవిడ బేకరీ. ముంజేతుల నిండా ఓవెన్ పెట్టిన వాతలు. ఊళ్లో ఏ పిల్ల పుట్టినరోజైనా ఆవిడ చేతిమీదుగా జరగాల్సిందే. ఉత్సవం ముందు రోజు మాత్రం ఇంకెవరి ఆర్డరూ తీసుకోదు. బల్లంత స్పాంజి కాల్చి, గీతలు వంకర పోకుండా రంగు రంగుల క్రీము పరుస్తుంది. మర్నాడు వ్యానులో తనో కొస, ఆడపడుచో కొస పట్టుకుని, దారిలోని ప్రతి గుంతకూ డ్రైవర్ని తిట్టుకుంటూ పురపాలక హాలుకు చేరుస్తారు.

అక్కడ చైర్మన్ గారు కత్తి అందుకుంటారు. వెనక వరసలోంచి ఎవరో ఒకరు "సార్, జెండా సార్!" అంటారు. చైర్మన్ గారు ఉలిక్కిపడి కత్తి దించి కేకుకు వందనం చేస్తారు. అవును, కేకుకే. అందరూ చప్పట్లు కొడతారు. క్రీమత్త చేతిలో ఒక గాజు జ్ఞాపిక పెడతారు. అలాంటివి బేకరీలో బోలెడున్నాయి. ఒకటి తలుపు కొట్టుకోకుండా అడ్డం, ఒకటి పిండి గిన్నె మూత మీద బరువు. కోయకూడనిదాన్ని చెత్తలో వేయడమూ తప్పే కనుక కేకును ఓ గదిలో పెట్టి తాళం వేస్తారు. చీమలకు ఇలాంటి పట్టింపులు లేవు.

క్రీమత్త ఊరికే కూర్చోలేదు. ఒక ఏడు దేశపటం ఆకారంలో చేసింది. "దేశాన్ని ముక్కలు చేయమంటావా అమ్మా?" అన్నారు. మరో ఏడు పురపాలక భవనం కట్టింది. చైర్మన్ గారి గది కొరికినవాడికి వచ్చే ఎన్నికల్లో టికెట్టు దొరకదని సభ్యులంతా చేతులు కట్టుకుని నిలబడ్డారు. పోనీ ఏ బొమ్మా లేని కేకు చేస్తానంటే, "మరి ఉత్సవమని తెలిసేదెలా?" అని ఎదురు ప్రశ్న.

ఈ ఏడు గుమాస్తా గారు బేకరీకి వచ్చి చల్లగా చెప్పారు.

"ఈసారి థర్మోకోల్‌తో చేయిద్దామనుకుంటున్నామమ్మా. పాడవదు, ఏటా వాడుకోవచ్చు. పైన క్రీము మాత్రం మీరే పూయాలి."

"నాది బేకరీ అనుకున్నారా, గోడలకు సున్నం కొట్టే పని అనుకున్నారా?"

"ఎలాగూ ఎవరూ తినరు కదమ్మా."

ఆడపడుచు నవ్వింది. "పోనీలే వదినా. తినని కేకుకు వంకలు పెట్టేవాడుండడు."

"అదేనే నా ఏడుపు! ఇన్నేళ్లలో బాగుందన్నవాడు లేడు, ఛీ అన్నవాడూ లేడు. ఒక్క ముక్క ఒక్కడి గొంతు దిగితే చాలు నాకు." తర్వాత గుమాస్తా వైపు తిరిగింది. "ఈ ఒక్కసారి నా ఇష్టానికి వదిలేయండి. ఈసారీ తినకపోతే మీ థర్మోకోల్‌కు నేనే పూత పూస్తాను."

ఆయన సరేనన్నారు. ఆవిడ కేకును బేకరీలోనే కోసేసింది. చిన్న చిన్న చదరాలుగా కోసి, ఒక్కోదాన్ని ఒక్కో కాగితం గిన్నెలో పెట్టి, రంగు ప్రకారం పక్కపక్కన పేర్చింది. దూరంనుంచి చూస్తే అతుకు లేని జెండా.

"కత్తితో పని లేదండీ. తీసుకుని తినడమే," అని సభలో ప్రకటించింది.

అయితే మొదటివాడు ఒక ముక్క తీస్తే జెండాకు చిల్లు పడుతుంది. అది అందరికీ ఒకేసారి తట్టింది. "మీరు పెద్దవారు, కానివ్వండి." "అబ్బే, మీ తర్వాతే." కేకు చుట్టూ మర్యాదలు పొంగిపొర్లాయి కానీ ఒక్క చెయ్యీ ముందుకు రాలేదు. క్రీమత్త ముఖం మాడిపోయింది. గుమాస్తా గారు ఆవిడవైపు జాలిగా చూశారు, అది మరీ మంట.

అప్పుడు ముఖ్య అతిథి లేచారు. రిటైరైన రైలు గార్డు, ముసలాయన, ఉపన్యాసాలతో కడుపు మాడి ఉన్నారు.

"జీవితమంతా జెండాలు ఊపినవాణ్ణి," అన్నారాయన. "ఒక్కటీ తినడానికి పనికిరాలేదు." సరిగ్గా నడిమధ్య ముక్క తీసి నోట్లో వేసుకున్నారు. హాలంతా ఆయన దవడలనే చూస్తోంది. మింగి, పెదవి విరిచారు. "కాస్త ఎండిందమ్మా."

ఇక ఎవరూ ఆగలేదు. చైర్మన్ గారు అంచునుంచి రెండు లాగారు. "తీపి చాలలేదు." "క్రీము ఎక్కువైంది." "మా మరదలు చేస్తే దూదిలా ఉంటుందండీ."

"ఎండదూ మరి?" క్రీమత్త విరుచుకుపడింది. "పొద్దుటినుంచి మీరు దంచిన ఉపన్యాసాలకు చెరువులే ఎండుతాయి! తీపి చాలలేదా? ఇన్నేళ్లూ నోరు కుట్టుకుని ఇవాళ చెప్తారా?"

"మీరే కదమ్మా తినమన్నారు," అన్నారు గుమాస్తా గారు, నోటినిండా పెట్టుకుని.

"తినమన్నాను, తీర్పు చెప్పమన్నానా?"

అలా అరుస్తూనే ఒక మూల ముక్క తీసి కొరికింది. నమిలింది. ఆడపడుచు చెవి దగ్గరికి వంగింది.

"ముందే కోసి పెడితే గాలి తగిలి ఎండిపోతుందే. వచ్చే ఏడు పాకంతో తడపాలి. వీళ్లతో అనకు."

మళ్లీ తలెత్తి, మరదలి సంగతెత్తినాయన ఎక్కడున్నాడో వెతుక్కుంటూ వెళ్లింది.