మా మామయ్యగారి కారుకు నేను పెట్టించిన నాలుగు తూట్లు

మా మామయ్యగారి కారు వెనక్కి నడుస్తూ పాట అందుకుంది. సరిగ్గా ఆ క్షణంలోనే, ఇక నా పని అయిపోయిందని నాకు మొదటిసారి అనిపించింది.

పాటంటే నిజంగా పాటే. జలుబు చేసిన చిలక సంగీతం నేర్చుకుంటున్నట్టు సన్నగా, కీచుగా, ‘టీ టిటీ టీ’ అని. అరవై ఏళ్లకు పైగా దగ్గడం, గురక పెట్టడం తప్ప మరో విద్య తెలియని నల్ల కారు అది. స్టీరింగు వెనక మామయ్యగారు. వాకిట్లో పుస్తకం తెరిచి నిలబడ్డ పరిశీలకుడు. మెట్ల మీద కాఫీ పళ్లెంతో నేను. గ్లాసుల్లో ఉండాల్సిన కాఫీ సగం పళ్లెంలోకి దిగింది.

“అమ్మా, తాత బండి పాడతాందే! సూపర్ పా!” అని మా నాలుగేళ్ల వాసు చప్పట్లు కొట్టాడు.

ఇది మూడేళ్ల కిందటి మాట. పిల్లలు పడుకున్నారు. దుప్పట్లు మూడుసార్లు సర్ది, గ్యాసు కట్టేశానో లేదో రెండుసార్లు చూసొచ్చి, ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. నా ఘనకార్యం చదివి మీరు కడుపారా నవ్వుకోండి, అభ్యంతరం లేదు. క్షమాపణ మాత్రం ఆశించకండి. అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

ముందు కారు సంగతి చెప్పాలి. నేను గుంటూరు నుంచి చెన్నైకి ఉద్యోగానికొచ్చి, జార్జి టౌన్‌లో తరతరాలుగా పప్పుల టోకు వ్యాపారం చేసే ఇంటికి కోడలినయ్యాను. గోడౌను పక్క షెడ్డులో ఉండేది ఈ కారు. మామయ్యగారి నాన్న కొన్నది. “కంపెనీ గేటు దాటి ఎట్ల వచ్చిందో ఈ పొద్దుకీ అట్లే ఉండాది. ఒక్క మర గూడా మార్చలా” అన్నది మామయ్యగారు రోజుకొకసారి, అతిథులొస్తే రెండుసార్లు చెప్పే మాట. సీటు చిరిగి దూది బయటికొస్తే అది ఒరిజినల్ చిరుగు. గడియారం ఎప్పుడో నాలుగుంపావు దగ్గర ఆగిపోతే అది ఒరిజినల్ నాలుగుంపావు.

ఎడమవైపు వెనక తలుపు మాత్రం, కారు మలుపు తిరిగినప్పుడల్లా తనంతట తానే తెరుచుకునేది.

“మామయ్యా, ఈ తలుపుకి కొత్త గడియ వేయిస్తే...”

“అది దాని గుణం మా. ఒరిజినల్ లాకు. మార్చకూడదు.”

ఇలాంటి కార్లున్న వాళ్లకు ఒక సంఘం ఉంది. ఏటా బీచి రోడ్డులో ఊరేగింపు చేస్తారు. ముందు వరుస పుట్టినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్న కార్లకు. వెనక వరుస మార్పులు చేసిన కార్లకు. ఒరిజినల్ అని సంఘం కాగితమిచ్చిన కారు విలువ వేరు. ఇవ్వకపోతే అందులో సగమే. మామయ్యగారి స్నేహితుడొకాయన ఉన్నారు, నూనె వ్యాపారి. ఆయన తన కారుకు ఏసీ, మెత్తటి సీట్లు, తళతళలాడే కొత్త రంగు వేయించి ఏటా వెనక వరుసలో తిప్పుతారు. “అది కారా? బ్యూటీ పార్లరు నించి దిగిన పెండ్లికూతురు!” అని మామయ్యగారు వెక్కిరించేవారు. ఆ ఏడు మొదటిసారి మామయ్యగారు ఊరేగింపుకు తన కారు పేరిచ్చారు. శనివారం పరిశీలన, ఆదివారం ఊరేగింపు.

“మనం ముందు వరసలో పోవాల. నందినీ, వాసూ వెనక సీట్లో కూర్చోని టాటా చెప్పాల. ఆ నూనె అతను వెనకాల నించి చూస్తా రావాల. చాలు, ఇంగేం వద్దు నాకు” అన్నారు. డెబ్బై ఏళ్ల మనిషి కళ్లలో అంత వెలుగు నేను దీపావళికి కూడా చూడలేదు.

నాకు వినబడింది మాత్రం ఒక్కటే. వెనక సీట్లో నా పిల్లలిద్దరూ. పక్కన గుణవంతమైన ఆ తలుపు. బెల్టు లేదు.

నేనెలాంటి తల్లినో మీకు తెలియాలి. మా ఇంట్లో భోజనాల బల్ల నాలుగు మూలలకూ స్పాంజి అంటించి ఉంటుంది. వాసు మూడు చక్రాల సైకిలు హాల్లో తొక్కినా హెల్మెట్టు పెట్టుకోవాలి. ద్రాక్షపండ్లను నాలుగు ముక్కలు చేస్తాను, మా ఆయనకు కూడా. ఆయనతో ఈ తలుపు గొడవ చెబితే, “మా నాన్న కారు జోలికి పోవద్దు. నేను మీటింగులో ఉన్నాను” అన్నారు. అప్పుడాయన స్నానాల గదిలో ఉన్నారు.

కాబట్టి నేనే నడుం కట్టాను. మామయ్యగారు పెళ్లికని రెండు రోజులు కాళహస్తి వెళ్లగానే, వ్యాసర్పాడిలో దాసు అనే మెకానిక్కుకు ఫోను చేశాను. ఆయన వచ్చి కారు తోలుకెళ్లాడు. పక్క సీట్లో నేను, వెనక తలుపును చీర కొంగుతో కట్టినంత పనిచేసి.

దాసు కారు చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి తల గోక్కున్నాడు. “అమ్మా, దీనికి తూటు పెట్టాలంటే చెయ్యి రాలేదు మా. పెద్దాయనకి తెలుసునా?”

“తెలిస్తే మీ దాకా ఎందుకొస్తాను?”

“అదీ సరే. ఎన్ని?”

“ఇద్దరు పిల్లలు, ఒక్కో బెల్టుకి రెండు. మొత్తం నాలుగు. పైకి కనపడకూడదు. ఊడకూడదు.”

“ఏనుగుని కట్టినా ఊడదు మా. కవలె వద్దు, దిగులు పడబాకండి.”

డ్రిల్లు కారు అడుగులోకి దిగినప్పుడు పుట్టిన శబ్దానికి నా పళ్లన్నీ జివ్వుమన్నాయి. అదొక హెచ్చరికని తెలివైనవాళ్లు గ్రహిస్తారు. నేను మాత్రం బోల్టుల కింద ఇనప పలక వేశాడా లేదా అని వంగి చూస్తున్నాను. బెల్టులు రెండూ సీటు సందులోకి తోసేస్తే ఏమీ కనిపించలేదు. బయల్దేరేటప్పుడు దాసు, “అమ్మా, నా తరఫున చిన్న గిఫ్టు ఒకటి పెట్టినా. డబ్బు వద్దు” అన్నాడు. నేను స్కూలు వ్యాను డ్రైవరుతో ఫోనులో ఉన్నాను, పిల్లలు గేటు లోపలికి అడుగుపెట్టేదాకా ఆగాడా లేదా అని. గిఫ్టంటే తాళాల గుత్తి అనుకుని థాంక్స్ చెప్పేశాను.

ఆ గిఫ్టు రివర్సు హారను అని నాకేం తెలుసు? కారు షెడ్డులోకి ముక్కు ముందు పెట్టుకుని దూరింది కాబట్టి అది నోరు విప్పలేదు. ఇప్పుడు మా షెడ్డును తలుచుకోండి. లోపలికి ముందుకే వెళ్లాలి, బయటికి వెనక్కే రావాలి. వేరే దారి లేదు.

పరిశీలన మీద నాకు దిగులే లేదు. చిన్నప్పుడు మా బడికి ఇన్‌స్పెక్టరొచ్చి నల్లబల్ల చూసి, కాఫీ తాగి, సంతకం పెట్టి వెళ్లిపోయేవాడు. ఇదీ అంతేననుకున్నాను. ఆ వచ్చినాయన రిటైరైన ఇంజనీరు, నెల్లూరు మనిషి, నెమ్మదస్తుడు. కానీ ఆయన సంచిలో ఒక టార్చిలైటు, పళ్ల డాక్టరు నోట్లో పెట్టే అద్దాన్ని మూరెడు కడ్డీకి బిగించినట్టున్న పరికరం ఉన్నాయి. అవి చూసినప్పుడైనా నేను పుట్టింటికి బయల్దేరాల్సింది.

ఇక కారు పాడింది. సందులో మూటల బండి లాగే ఒకాయన ఆగి, “ఏం పెద్దాయనా, ఐసు బండి పెట్టినావా?” అని అడిగాడు.

“ఏందిది? యాడనించి వస్తాండాది?” మామయ్యగారు బ్రేకు తొక్కారు. పాట ఆగలేదు.

“రేడియో ఏమో మామయ్యా” అన్నాను.

“అది నలబై ఏండ్లుగా మూగది!”

పరిశీలకుడు వెనక తలుపు తీసి, మోకాళ్ల మీద కూర్చుని, సీటు ఎత్తి అద్దం లోపలికి పెట్టాడు. నందిని, వాసు ఆయన పక్కనే బాసింపట్టు వేసుక్కూర్చున్నారు, మ్యాజిక్ చూడటానికి వచ్చినట్టు. అరుగు మీద మా పెద్దత్తగారు, అంటే మామయ్యగారి అక్క, ఊరేగింపు చూడటానికి తిరువొత్తియూరు నుంచి వచ్చి వక్క నములుతూ కూర్చున్నారు.

“నాలుగు కొత్త రంధ్రాలున్నాయండీ. ఈ వారంలో పెట్టినవే” అన్నాడు పరిశీలకుడు.

మామయ్యగారు పంచె మడిచి మట్టిలో కూలబడ్డారు. “తూట్లా! నా బండికా! ఎవుడు పెట్టినాడు?”

“నేనే మామయ్యా. పిల్లలకి బెల్టులు పెట్టించాను.”

“నన్ను అడగాల్సింది గదా!”

“అడిగితే వద్దనేవారు.”

“అవును, వద్దనేవాణ్ణే!”

“అందుకే అడగలేదు.”

ఆయన ముఖం ఎర్రబడింది. “ఈ బండిలోనే గదా మేమంతా పెరిగినాము? బెల్టా గిల్టా? ఒక్కరన్నా పడినామా?”

అరుగు మీద వక్క నమిలే చప్పుడు ఆగింది.

“ఒక్క నిమిషం” అన్నాడు పరిశీలకుడు లోపలి నుంచి. గోటితో ఏదో గీకుతున్నాడు. “ఇక్కడ తారు పూసి మూసేసిన రంధ్రాలు మరో రెండున్నాయి. ఇవి మాత్రం మీ కోడలు పెట్టించినవి కావు. ఆవిడ పుట్టకముందువి.”

పెద్దత్తగారు పకపకా నవ్వారు. వక్క గొంతుకి అడ్డం పడి నేను వీపు తట్టేదాకా నవ్వారు. “ఒరే రాముడా, అవి నిన్ను కట్టేసిన తూట్లు రా!”

“అక్కా, నువ్వు ఊరికే ఉండు.”

“ఏంటికి ఉండాల? నీకు అప్పుడు తొమ్మిదేండ్లు. ఆ తలుపు పట్టుకోని ఊగతా ఉన్నావు. మలుపు తిరిగి చూస్తే నువ్వు రోడ్డు మీద ఉండావు, నీ పన్ను ఇంగా దూరంలో ఉండాది. ఆ సాయంత్రమే అమ్మ బండి అడుగున తూట్లు కొట్టించి ఇనప రింగులు వేయించలా? మూటలు కట్టే పట్టాతో నిన్ను సీటుకి కట్టలా? మీసాలొచ్చిందాకా కట్టింది గదరా!”

“మీసాలేంది? పన్నెండేండ్లకే విప్పేసింది!” అనేసి మామయ్యగారు నాలుక కరుచుకున్నారు.

“తాతా, పన్ను కుస్తీలో పోయిందన్నావే?” అంది నందిని.

“కుస్తీనా?” పెద్దత్తగారు కళ్లు తుడుచుకున్నారు. “ముందు పన్నే ఒరిజినల్ గాదు, ఈయప్ప బండి ఒరిజినల్ అంట!”

పరిశీలకుడికి కూడా నవ్వొచ్చింది కానీ పుస్తకం అడ్డం పెట్టుకున్నాడు. మంచాయన. “చూడండి, మిగతా కారంతా ముత్యంలా ఉంది. బెల్టులు, ఆ పాటల డబ్బా సాయంత్రంలోగా తీసేయండి. తూట్లన్నీ మూసేయండి. ఒరిజినల్ అనే రాస్తాను, ముందు వరుసలో నిలబడండి” అన్నాడు.

అందరూ నావైపు చూశారు. నా చేతిలో ఇంకా ఆ కాఫీ పళ్లెమే ఉంది. మర్యాదస్తురాలైన కోడలైతే తల వంచుకునే చోటు అది. నేను వంచలేదు.

“బెల్టులు తీస్తే పిల్లలు ఎక్కరు మామయ్యా. మీ కారుకు ఏది విరిగినా పుదుపేట పాత సామాన్ల కొట్లలో వెతికితే దొరుకుతుంది. నా పిల్లలూ ఒరిజినలే. వాళ్లకు స్పేరు పార్టులు ఏ పేటలోనూ దొరకవు.”

మామయ్యగారు మట్టిలోంచి లేవలేదు. నాలుకతో ముందు పన్ను ఒకసారి తడుముకున్నారు. సీటు కిందికి చెయ్యి పోనిచ్చి, ఆ పాత తూటు మీద వేలు పెట్టి చూశారు.

“కోపమొస్తే మా అమ్మ గూడా ఇట్లే నిలబడేది. చేతిలో పళ్లెం పట్టుకోని” అన్నారు. తర్వాత లేచి పంచె దులుపుకున్నారు. “రాసుకోండి సార్. మార్చిన బండి.”

“విలువ సగానికి పడిపోతుందండీ.”

“అమ్మితే గదా!”

“మీ స్నేహితుడి కారు పక్కనే నిలబడాల్సొస్తుంది.”

“నిలబడతా. వాడి బండిని మార్చింది మెకానిక్కు. మా బండిని మార్చింది మా అమ్మ” అని, నావైపు చెయ్యి చూపించి, “ఇంగ ఈమె” అన్నారు. రెండడుగులు వేసి మళ్లీ తిరిగారు. “ఆ పాట మాత్రం పీకేయించు మా. మానం పోతాండాది.”

“వద్దు తాతా!” అని ఇద్దరు పిల్లలూ ఆయన కాళ్లకు చుట్టుకున్నారు. పాట ఉండిపోయింది.

మర్నాడు పొద్దున పిల్లలిద్దర్నీ వెనక సీట్లో కూర్చోబెట్టి, బెల్టులు బిగించి, రెండుసార్లు లాగి చూసి, తలుపును తాడుతో కూడా కట్టాను. ముందు సీట్లో మామయ్యగారు కొత్త ఉత్తరీయంతో పెళ్లికొడుకులా ఉన్నారు. నా తప్పుకు ముగింపు ఘనంగా ఉండాలని, కుడిచెయ్యి కారు కప్పు మీద పెట్టి పిల్లలతో అన్నాను.

“నందినీ, వాసూ, మీరే సాక్షులు. ఇకమీదట ఈ కారుకు ఒక్క తూటు కూడా పెట్టించనని ప్రమాణం చేస్తున్నాను.”

వాసు ముందు సీటు వైపు చూశాడు. “మరి తాతకి బెల్టు లేదే?”

నిజమే. ఆ సంగతి నాకు తట్టనే లేదు. చెయ్యి కారు మీద నుంచి తీసేసి, మామయ్యగారికి వినబడకుండా వంగి చెప్పాను.

“దాసు రేపు వస్తాడు. నా ప్రమాణం మంగళవారం నుంచి.”