సామర్లకోట మెకింటైర్‌తో ఫహాహీల్‌కి

అది 2009 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం. ఉదయం ఆరున్నరకి ఫర్వానియాలోని మా గదిలో ఏడుగురిలో ఆరుగురు ముసుగు తన్ని పడుకుని ఉన్నారు. నేనొక్కణ్ణే ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచిలో ఇటుకంత పుస్తకం పెట్టుకుని, మెట్లు రెండేసి చొప్పున దిగాను. కువైట్‌లో పదకొండేళ్లుగా ఉన్నాను గానీ సెలవు రోజున అంత పొద్దున్నే లేవడం అదే మొదలు. కారణం చెబితే నవ్వుతారు. ఒక స్కాట్లండు ఇంటిపేరు వెంట బయల్దేరాను.

నేను వడ్రంగిని. పదో తరగతి తప్పినవాణ్ని. అయితే జగిత్యాల గ్రంథాలయంలో రెండు బీరువాల పుస్తకాలు పై అర నుంచి కింది అర దాకా వరసగా చదివినవాణ్ని. ఈ రెండో సంగతి ఎవరూ అడగకపోయినా చెబుతుంటాను. పది రోజుల క్రితం మా దుకాణం వాళ్లు నన్ను ఫహాహీల్ పంపారు. అక్కడ చమురు పనిలో ముసలివాడైన ఒక స్కాట్లండు ఇంజినీరు ఉద్యోగం ముగించుకుని దేశం వెళ్లిపోతున్నాడు. ఆయన పుస్తకాలకు చెక్కపెట్టెలు కొట్టాలి. పెట్టె కొట్టే ముందు ప్రతి పుస్తకం తెరిచి చూడటం నా జబ్బు. వాటిలో స్కాట్లండు ఇంటిపేర్ల మీద లావుపాటి పుస్తకం ఒకటి కనిపించింది.

"నా పేరు వెతుకు," అన్నాడాయన నా వెనకాల నిలబడి. పేరు మెకింటైర్. వెతికాను. అర్థం: వడ్రంగి కొడుకు.

సుత్తి కింద పెట్టేశాను. "సార్, నా ఇంటిపేరు వడ్ల. మా దిక్కున వడ్ల అంటే వడ్రంగులే!" అన్నాను.

ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇచ్చాడు, బిస్కెట్లిచ్చాడు, పుస్తకం కూడా పది రోజులకు అరువిచ్చాడు. పై వారం ఆదివారం తన విమానమనీ, ఆలోపు శుక్రవారం పదకొండు గంటలకు కువైట్‌లో ఉన్న మెకింటైర్లందరినీ ఇంటికి పిలుస్తున్నాననీ చెప్పాడు. వెతగ్గా వెతగ్గా తనతో కలిపి ఐదుగురు తేలారట.

"ఆరో ఆయన నాకు తెలుసు సార్!" అని అరిచాను.

నిజంగానే తెలుసు. కబ్ద్‌లో ఒక తోట ఇంటికి తలుపులు బాగుచేయడానికి వెళ్లినప్పుడు, అక్కడి వంటవాడు రత్నరాజు తన గుర్తింపు కార్డు చూపించాడు. సామర్లకోట దగ్గర మనిషి. కార్డు మీద మొదటి మాటే మెకింటైర్. మొదట రాసేది ఇంటిపేరు కాక మరేమిటి? ఇంజినీరు సంతోషంతో నా వీపు చరిచి, అతన్నీ తీసుకురమ్మన్నాడు. ఆ రాత్రే రత్నరాజుకి ఫోన్‌లో చెప్పాను.

కబ్ద్ వెళ్లాలనుకునేవారికి ఒక మాట. అక్కడికి బస్సు లేదు. టాక్సీవాడు నాలుగు దినార్లకు తక్కువ రాడు. తోటలకు పశువుల గడ్డి తోలే బండ్లు శుక్రవారం పొద్దున ఫర్వానియా మీదుగా వెళతాయి. తెలిసినవాడుంటే ముందు సీటు ఉచితం. నాకు మెట్‌పల్లి గంగన్న తెలుసు. ఏడుంపావుకి అతని బండెక్కాను.

"ఏందే రాజేశం, పెండ్లిచూపులకు వోతున్నవా? సెంటు గూడ గొట్టినవ్!"

"మెకింటైర్ల కాడికి వోతున్నన్నా," అని పుస్తకం తీసి చెప్పడం మొదలుపెట్టాను. స్కాట్లండుకి పడమర ఆర్గైల్ అనే కొండసీమలో, గ్లెన్ నో అనే లోయలో వీళ్ల మూలం. పడవకి చిల్లు పడితే ఒకడు బొటనవేలు అందులో దూర్చి, నీళ్లు రాకుండా ఆ వేలు అక్కడే నరికేసి పడవని ఒడ్డుకి తెచ్చాడనీ, వాడి సంతానమే వీళ్లనీ చెప్పుకుంటారు. ఆ లోయకి శిస్తుగా ఏటా నడి ఎండాకాలంలో పై దొరకి ఒక తెల్లదూడని, ఒక మంచుముద్దని ఇచ్చేవారట.

"నడెండల మంచెక్కడిదే?"

"కొండెనుక నీడల కరగకుంట ఉంటదట."

గంగన్న స్టీరింగు మీద కొట్టి నవ్వాడు. "మా కఫీల్ గిట్ల అడిగితె ఏం జేద్దు? గీ ఎడారిల మంచుముద్ద వట్టుకోని ఉరుకుడే! తలుపు దియ్యంగనే చేతుల నీళ్లు!"

కఫీల్ అంటే వీసా ఇచ్చిన యజమాని. నేను కూడా పడీ పడీ నవ్వాను. కిటికీలోంచి గడ్డిపోచలు ఎగిరి మా ఇద్దరి తలల మీద పడుతున్నాయి. చలికాలపు ఎండలో ఎడారి నిన్ననే ఉతికి ఆరేసినట్టుంది. అక్కడక్కడా గుడారాలు, వాటి ముందు కాఫీ తాగుతున్న కుటుంబాలు.

ఏడు యాభైకి తోట చేరాం. రత్నరాజు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. కోటు, పాలిష్ చేసిన బూట్లు, చేతిలో పెద్ద స్టీలు డబ్బా.

"మా మామా వాళ్లు పెళ్లికని సిటీకెళ్లారండి. మళ్లీ సాయంత్రం ఆరింటికే వస్తారు. అందాకా మనకి ఫ్రీయండి ఆయ్," అన్నాడు. మామా అంటే అతని యజమానురాలు. డబ్బాలో ఏముందని అడిగితే బూరెలన్నాడు. ఎందుకంటే మంగళవారం అతనికి కూతురు పుట్టింది.

నేను అతన్ని కావలించుకున్నాను. గంగన్న హారన్ మోగించాడు. కానీ రత్నరాజు ముఖంలో వెలుగు పూర్తిగా లేదు.

గడ్డి దించి వెనక్కి బయల్దేరాక సంగతి బయటపడింది. "ఎల్లుండి ఆదివారం మా ఊరి గుళ్లో పాపకి పేరు పెట్టి ప్రార్థన చేస్తారండి. ఈ సాయంత్రం ఇక్కడి టైము నాలుగింటిలోగా పాస్టరు గారికి పేరు చెప్పాలి. మా ఇంట్లో ప్రతి తరంలో మొదటి బిడ్డకి మెకింటైర్ అని పెట్టాలండి. మా నాన్నకుంది, నాకుంది. మా బావగారేమో ఇక ఆపరా అంటున్నాడు. నన్ను బళ్లో ఎంత ఏడిపించారనుకున్నారు! 'మెకింటైరూ, టైరు పంచరైందా' అనీవోరు. ఆడపిల్లకి ఆ బాధెందుకంటాడు. ఆయన మాటా నిజమేననిపిస్తందండి. అందుకే ఇయ్యాల ఆ పెద్దాయన్ని చూద్దామని. 'ఇది మా పేరు, నీకెందుకయ్యా' అన్నాడనుకోండి, తీసేస్తాను. ఉంచుకోమంటే ఉంచేస్తాను."

"గట్లెందుకంటడు? ఇంటిపేరు ఒకటే గద!"

అతను నన్ను వింతగా చూశాడు. "ఇంటిపేరేంటండీ? మా ఇంటిపేరు పిల్లి. కార్డు మీద చివర్న ఉంటది చూడండి."

మన అలవాటు కొద్దీ మొదటి మాటే ఇంటిపేరనుకున్నాను. పాస్‌పోర్టు వాళ్లు ఇంటిపేరుని తీసుకెళ్లి చివర్న పెట్టారు. రెండు బీరువాలు చదివినవాణ్ని, కార్డు చివరి దాకా చదవలేదు.

గంగన్నకి నవ్వు ఆగలేదు. "సింహాన్ని దెస్తనని పిల్లిని వట్టుకోని వోతున్నవ్ రా!"

రత్నరాజు బండి ఆపమన్నాడు. "వద్దులెండి, నవ్వులపాలైపోతాం. నేనిక్కడే దిగిపోతాను." ఎడారి మధ్య దిగి ఎక్కడికి పోతావని గంగన్న ఆపలేదు. నేను బతిమాలాను. తప్పు నాదని నేనే ముందు చెబుతాననీ, పుస్తకం తిరిగివ్వడానికైనా నాకు తోడు రావాలనీ అన్నాను. డబ్బా ఒళ్లో సర్దుకుని "సరే, బూరెలు పాడైపోతాయి కదండీ," అన్నాడు. అదే అతని ఒప్పుకోలు.

తొమ్మిదింటికి ఫర్వానియాలో దిగాం. ఒక మలబారు హోటల్లో రెండు పరోటాలు, గుడ్డు కూర, టీ తీసుకున్నాం. ఇద్దరికీ కలిపి ఎనిమిది వందల ఫిల్సు, దినారుకి తక్కువే. శుక్రవారం బస్సులు ఆలస్యం. తొమ్మిది నలభైకి దొరికింది, టిక్కెట్టు రెండు వందల యాభై ఫిల్సు. సముద్రం కనిపించాలంటే ఎడమ కిటికీ పట్టుకోండి. మేం కుడివైపు కూర్చుని పశ్చాత్తాపపడ్డాం. ఫహాహీల్‌లో దిగేసరికి పదకొండుకి పది నిమిషాలు. అక్కడి నుంచి ఇంజినీరు ఇల్లు నడక దూరం. ఆ నడకలో రత్నరాజు టై మూడుసార్లు విప్పి కట్టాడు.

ఇంట్లో చెక్కపెట్టెలే కుర్చీలు. నేను కొట్టినవే కాబట్టి ధైర్యంగా కూర్చున్నాను. ఇంజినీరు, గ్లాస్గో నుంచి వచ్చిన కుర్ర డ్రిల్లింగు ఇంజినీరు, న్యూజిలాండు నుంచి వచ్చిన భార్యాభర్తలు, జమైకాలో పుట్టి లండన్లో పెరిగిన నల్లటి టీచరమ్మ. పుస్తకంలో వేళ్లతో వెతికిన దేశాలన్నీ ఒక్క గదిలో టీ తాగుతున్నాయి! నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. బహుశా కొట్టే ఉంటాను, ఎందుకంటే అందరూ నావైపు చూశారు.

ఇంజినీరు దగ్గర ఒక నోటుబుక్కుంది. ఎక్కడ మెకింటైర్ ఎదురైనా అందులో మూడు లైన్లు రాయించుకుంటాడు. నీ పేరు, మీ నాన్న ఊరు, ఈ పేరు నీకెలా వచ్చింది. బోర్నియో నుంచి బాకూ దాకా చేసిన ఉద్యోగాలన్నీ అందులో ఉన్నాయి. ఆ బుక్కు చుట్టూ తిరిగి రత్నరాజు ముందుకొచ్చింది. మాటిచ్చినట్టు నేను లేచాను గానీ, అతనే నన్ను చేత్తో కూర్చోబెట్టాడు.

"సార్, సారీ. మై సర్‌నేమ్ పిల్లి. మెకింటైర్, ఓన్లీ నేమ్."

గ్లాస్గో కుర్రాడు పకపకా నవ్వాడు. "మొదటి పేరు మెకింటైరా? నన్ను స్కాట్లండూ అని పిలిచినట్టుంటుంది!" ఇంజినీరు పెన్ను మూత పెట్టాడు. ముప్ఫై ఏళ్లుగా ఈ బుక్కులో ఇంటిపేర్లే రాయించాననీ, నియమం నియమమేననీ మెల్లగా, మర్యాదగానే అన్నాడు. రత్నరాజు తల ఊపాడు. పాప పేరు అక్కడితో తీరిపోయిందని నాకర్థమైంది.

"మరి నీకెలా వచ్చింది?" అని అడిగింది టీచరమ్మ.

రత్నరాజు వచ్చిన ఇంగ్లీషులో, రానిచోట నా సాయంతో చెప్పాడు. వాళ్ల నాయనమ్మ మూడు రోజులు నొప్పులు పడి, ఎడ్లబండి మీద మిషను ఆసుపత్రికి వచ్చింది. అక్కడి డాక్టరమ్మ కెనడా ఆవిడ, మెకింటైర్ డాక్టరమ్మ. తల్లినీ బిడ్డనీ బతికించింది. ఆవిడకి పెళ్లి లేదు. "మీ పేరు మీతో ఆగిపోకూడదమ్మా, నా బిడ్డకివ్వండి" అని నాయనమ్మ మంచం మీద నుంచే అడిగిందట. డాక్టరమ్మ ఏడ్చి, సరేనందట.

టీచరమ్మ నోటుబుక్కు తన ఒళ్లోకి లాక్కుని, తను రాసిన మూడో లైను ఇంజినీరుకి చూపించింది. "నాదేమో చెరకుతోట యజమాని పేరు. మా తాతముత్తాతల్ని కొన్నప్పుడు వాళ్లకి తగిలించాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ ఒప్పుకోలేదు. అది మీ బుక్కులోకి నియమం ప్రకారం వచ్చింది. ఈయన నాయనమ్మ అడిగి తీసుకుంది. ఈ గదిలో అలా తీసుకున్న మెకింటైర్ ఇంకెవరైనా ఉన్నారా?"

గ్లాస్గో కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. ఇంజినీరు ఆ లైను రెండుసార్లు చదివాడు. తర్వాత పెన్ను మూత తీసి, రెండు చేతులతో రత్నరాజుకి అందించాడు.

"నీ లిపిలో రాయి," అన్నాడు.

రత్నరాజు తెలుగులో రాశాడు. రాశాక, "సార్, డాటర్ బార్న్. ట్యూస్‌డే," అని డబ్బా మూత తీశాడు. ఆ తర్వాత జరిగిందానికి వరస లేదు. న్యూజిలాండు ఆవిడ బూరె కొరికి పూర్ణం చొక్కా మీద పోసుకుంది. గ్లాస్గో కుర్రాడు క్షమించమని నాలుగు తిని, వెళ్లేటప్పుడు రెండు జేబులో వేసుకున్నాడు. ఇంజినీరు ఏదో పాట అందుకుంటే రత్నరాజు దానికి క్రిస్మస్ డప్పు కొట్టినట్టు నా చెక్కపెట్టె మీద దరువేశాడు. పెట్టె పగల్లేదు. బంగాళాదుంపలూ కీమా భోజనం అయ్యాక ఫొటో దిగాం. వడ్లవాడివి నువ్వూ రమ్మని నన్నూ చివర్న నిలబెట్టారు.

మూడుంపావుకి తిరుగు బస్సెక్కాం. ఈసారి సముద్రం వైపే కూర్చున్నాం గానీ ఇద్దరిలో ఎవరమూ చూడలేదు. నాలుగు కావస్తోందని రత్నరాజు పాస్టరు గారికి ఫోన్ కలిపి స్పీకరు పెట్టాడు.

"మెకింటైర్ కరుణ అని రాయండి పాస్టరు గారూ."

"ఆడపిల్లకా? ఆలోచించుకున్నావా?"

"ఇది మొదట ఆడమనిషి పేరేనండి, ఆయ్!"

"సర్లేవయ్యా. సర్టిఫికెట్‌కి ఇంగ్లీషు అక్షరాలు చెప్పు. లైను గరగరమంటోంది, గట్టిగా చెప్పు."

"ఎం!" అని అరిచాడు రత్నరాజు. వినపడలేదట. ముందు సీట్లోని మలయాళీ నర్సు వెనక్కి తిరిగి "ఎం ఫర్ మలప్పురం!" అని సాయం పట్టింది. "ఏ ఫర్ అహ్మదీ," అన్నాడు ఒక బంగ్లాదేశీ. "సీ ఫర్ చిట్టగాంగ్," అన్నాడు వాడి పక్కవాడు. "ఐ ఫర్ ఇఖామా!" అని వెనక నుంచి ఎవరో, అందరికీ తిప్పలు తెచ్చే ఆ నివాస పర్మిట్టు పేరెత్తగానే బస్సంతా గొల్లుమంది. ఎన్ నేనే ఎవరికీ ఇవ్వకుండా నిజామాబాదుకి ఇచ్చాను. టీ టమాటాకి పోయింది. తర్వాతి అక్షరానికి అందరూ తడుముకుంటుంటే డ్రైవరు అద్దంలోంచి చూసి, పదండి పదండి అని రోజూ తరిమే అరబ్బీ మాటతో "వై ఫర్ యల్లా!" అని గర్జించాడు. ఆర్ రాజమండ్రికి, చివరి ఈ ఈద్ పండక్కి.

ఇంటిపేర్ల మీద నేనింతదాకా చదివిన పుస్తకం తప్పని అనను. పేరు ఎక్కడ పుట్టిందో, ఏ ఓడలో ఎటు పోయిందో బాగా చెప్పింది. దాన్ని ఒకరు అడిగి పుచ్చుకోవచ్చని మాత్రం అందులో లేదు. అది తెలుసుకోవడానికి నాకు గడ్డి బండి, రెండు బస్సులు, ఒక పూట పట్టాయి. ఇంతకంటే చవగ్గా నేనేదీ నేర్చుకోలేదు.

"అక్కడ ఎవరయ్యా అంతమంది?" అని పాస్టరు గారు అడుగుతున్నారు.

రత్నరాజు బస్సు మొత్తాన్ని ఒకసారి కలయజూశాడు.

"అందరూ మెకింటైర్లేనండి," అన్నాడు.