నిండుకుంది వదినా

నా చిన్నప్పుడు జెర్సీ సిటీలో మా ఎదురు ఫ్లాట్‌లోంచి ధనియాలు వేయించిన వాసన వచ్చేది... ఇంగ్లీషు ముక్క రాని మా అమ్మమ్మ ఒకరోజు ఆ వాసన పట్టుకుని వెళ్ళి తలుపు కొట్టేసింది. వెనకాల సిగ్గుతో చచ్చిపోతూ నేను.

అమ్మమ్మ తెనాలి నుంచి ఆరు నెలలకని వచ్చింది. అమ్మానాన్నా ఆఫీసుకి పోతే, నేను స్కూల్ నుంచి వచ్చేదాకా తనకి ఆ నాలుగు గోడలే దిక్కు.

తలుపు తీసినావిడ చూడ్డానికి కొరియా మనిషి. పుట్టి పెరిగింది తాష్కెంట్‌లో, మాట్లాడేది రష్యన్. కూతురి దగ్గర ఉంటోంది. అమ్మమ్మకి ఇవేం పట్టలేదు. "ఏం వదినా, ధనియాలు వేయిస్తున్నట్టున్నారు?" అంది లోపలికి తొంగి చూస్తూ.

ఆవిడ నవ్వి, అమ్మమ్మ వైపు వేలు చూపించి, "వదినా?" అంది. అదే అమ్మమ్మ పేరనుకుంది పాపం. నేను సరిదిద్దబోతే అమ్మమ్మ ఆపేసింది. "పోనీలేవే, ఆవిడకీ నేను వదిన్నే కదా."

ఆ రోజు నుంచి ఇద్దరూ వదినలే...

ఆవిడ చేసేది క్యారెట్ సలాడ్. వాళ్ళ పెద్దవాళ్ళు కొరియా వదిలి అంత దూరం చేరాక, వాళ్ళ పచ్చడికి కావలసిన కొరియా క్యాబేజీ దొరక్క క్యారెట్‌తో మొదలుపెట్టారట. వాళ్ళ అమ్మాయి చెప్పింది. క్యారెట్లని పొడుగ్గా దారాల్లా తురిమి, ఉప్పూ పంచదారా వేసి పిసికి, నీరు వదిలాక వెనిగర్ చిలకరించేది. పైన దంచిన వెల్లుల్లి, బరకగా కొట్టిన ధనియాలు, ఎర్రటి కారం. చివర్న పొగలొచ్చే నూనె చుయ్యిమని పోసేది. కొన్నాళ్ళకి ధనియాలు దంచడం అమ్మమ్మ పనైపోయింది. కారం కూడా మనదే, గుంటూరుది.

"ఇది మన పోపేనే... ఆవాలొక్కటే తక్కువ" అనేది అమ్మమ్మ. అని ఊరుకుంటుందా? కొంగున కట్టుకెళ్ళిన ఆవాలు నూనెలో వేయబోయేది. ఆవిడ మూకుడు మీద చెయ్యి అడ్డం పెట్టి "న్యెట్, వదినా" అనేది. "న్యెట్టట న్యెట్టు. చిటపటమనకపోతే అది పోపెలా అవుతుంది?" అని ఈవిడ. రోజూ ఇదే గొడవ. ఎవరి మాట ఎవరికీ తెలియదు, తగువు మాత్రం చక్కగా సాగేది.

ఆవిడ సలాడ్ నింపి ఇచ్చిన సీసా ఖాళీ అయితే అమ్మమ్మ దాన్ని బోర్లించి చూపించి "నిండుకుంది వదినా" అనేది. ఆవిడ పకపకా నవ్వి ఫ్రిజ్‌లోంచి క్యారెట్లు తీసేది. ఆవిడకి వచ్చిన రెండో తెలుగు మాట అది.

"అమ్మమ్మా, ఎంప్టీ అయితే ఫుల్ అంటావేంటి?" అని అడిగాను ఒకసారి. "ఇంట్లో ఏదీ అయిపోయింది అనకూడదే. నిండుకుంది అంటే మళ్ళీ నిండుతుంది" అంది.

వెళ్ళేరోజు అమ్మమ్మ ఆవిడ పొయ్యి పక్కన ఆవాల పొట్లం పెట్టి వచ్చింది. వచ్చే వేసవికి మళ్ళీ వస్తానని, చేతిని విమానంలా ఎగరేసి చూపించింది...

రాలేదు. ఆ చలికాలంలోనే ఫోన్ వచ్చింది. గుండెపోటు. అమ్మ వెళ్ళలేకపోయింది... వీసా పేపర్లు మధ్యలో ఉన్నాయి, వెళ్తే తిరిగి రానివ్వరేమోనని. కన్నతల్లి ఆఖరి చూపు కూడా దక్కలేదు. అయినా ఏడవలేదు. గిన్నెలు తోముతూనే ఉండేది, తోమినవే మళ్ళీ.

ఎదురింటావిడ లిఫ్ట్‌లో కనిపించినప్పుడల్లా చేతిని విమానంలా ఎగరేసి "వదినా?" అని అడిగేది. అమ్మ తల దించుకునేది. ఒక శనివారం ఖాళీ సీసా నా చేతిలో పెట్టి, "నావల్ల కాదు తల్లీ. ఇదిచ్చేసి, నువ్వే చెప్పి రా" అంది.

ఎలా చెప్పాలి? నాకు రష్యన్ రాదు, ఆవిడకి ఇంగ్లీషు రాదు. వాళ్ళ అమ్మాయేమో ఇంట్లో లేదు. మా మధ్య ఉన్నవి రెండే మాటలు. ఆ రెండే అన్నాను.

"వదినా... నిండుకుంది."

ఆవిడ మొహం వెలిగిపోయింది. వదిన వచ్చేసింది, సలాడ్ కావాలంటోంది అనుకుంది. సీసా లాక్కుని, క్యారెట్లు తీసి, కూర్చుని తురమడం మొదలుపెట్టింది, ఏదో కూనిరాగం తీస్తూ. నేను మళ్ళీ అన్నాను, "నిండుకుంది" అని. ఆవిడ తలూపి ఇంకా జోరుగా తురిమింది. ఇంక నావల్ల కాలేదు. అక్కడే నిలబడి ఏడ్చేశాను.

ఆవిడ తురమడం ఆపింది. నన్ను చూసింది, మా తలుపు వైపు చూసింది. మెల్లిగా చేతిని విమానంలా ఎత్తింది. కాదన్నట్టు తలూపాను. ఆ చెయ్యి అలాగే ఒళ్ళోకి దిగిపోయింది.

తర్వాత లేచి, మిగతా క్యారెట్లన్నీ తురిమింది. నూనె కాగాక అల్మారాలోంచి ఆవాల పొట్లం తీసింది. అమ్మమ్మ వేసిన ముడి వేసినట్టే ఉంది. విప్పి, తనే నూనెలో వేసింది. ఎప్పుడు తియ్యాలో తెలియక చిటపటలు ఆగిపోయి మాడేదాకా చూస్తూ ఉండిపోయింది.

ఆ సలాడ్ చేదెక్కింది. అమ్మ ఆ రాత్రి దాన్నే అన్నంలో కలుపుకుని, మొదటి ముద్దకే బావురుమంది. అమ్మమ్మ పోయాక అమ్మ ఏడవడం అదే మొదలు.

తర్వాత మేం శాన్ రామన్ వచ్చేశాం. ఇక్కడి కొరియన్ షాపులో అడిగితే అలాంటి సలాడ్ మాకు తెలియదే అన్నారు. ఇంట్లో నేనే చేస్తాను, ఆవాలు వేసి. ఇప్పుడు ఫోన్‌లో మాట్లాడితే ఏ భాషలోకైనా మార్చేస్తుంది. చెప్పాల్సిన మాట రష్యన్‌లో ఏమంటారో కూడా చూశాను... ఇప్పుడెందుకది.

సరుకులు అయిపోతే ఇప్పుడు ఫోన్‌లో నొక్కుతాం, గంటలో గుమ్మంలో ఉంటాయి. నోరు విప్పి ఒకరిని అడిగే పనే లేదు. మీ ఇళ్ళల్లో ఇంకా ఎవరైనా "నిండుకుంది" అంటున్నారా? అంటుంటే చెప్పండి... మళ్ళీ నిండుతుందన్న మా అమ్మమ్మ మాట నిజం కాలేదు గానీ, ఆ మాట ఒక్కసారి వినాలని ఉంది.