ఫైటర్ చేపకు కప్పిన గుడ్డ

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు జీతం తక్కువ, రోషం ఎక్కువ. జీతం తరువాత కాస్త పెరిగింది కానీ రోషం తగ్గలేదని ఇంట్లోవాళ్లు అంటారు. (అన్నవాళ్లు ఎవరెవరో నాకు గుర్తుంది.) అయినా కోరుట్లలో రంగు చేపల దుకాణం ముందు మా జగిత్యాల బావ, అంటే మా అక్క భర్త, అన్న మాటను నా స్థానంలో ఎవరున్నా మరిచిపోయేవారు కాదు. చుట్టాల పెళ్లికి వెళ్లి, భోజనాలకు ఇంకా సమయం ఉందని ఇద్దరం బజారులో తిరుగుతున్నాం. ఒక గాజు సీసాలో నీలం తోకను పట్టుచీర కుచ్చిళ్లలా విప్పుకొని ఫైటర్ చేప కనిపించింది. నేను జేబులో చెయ్యి పెట్టానో లేదో, దుకాణదారు ముందే బావ నవ్వాడు.

“నీ చేతుల తులసి చెట్టే బతుకలే బామ్మర్ది, గీ చేప బతుకుతదా?”

(ఆ తులసి చెట్టును మేక తిన్నది. ఈ సంగతి బావకు చాలాసార్లు చెప్పాను.)

“బతికిస్త” అన్నాను.

“సరే, దసరా పోయినంక వేములవాడ దర్శనానికి వస్తం. అట్లనే సిరిసిల్లకొచ్చి నీ చేపను గూడ సూస్తం. ఉంటె!”

ఆ ‘ఉంటె’ను కూడా చేపతోపాటు ఒళ్లో పెట్టుకొని బస్సులో సిరిసిల్ల చేరాను.

మా ఇంటి వెనకే సాంచెల షెడ్డు. (మరమగ్గాలను మేము సాంచెలంటాం.) ముందుగదిలో గాజు తొట్టి పెట్టి, చేపకు గాలి బాగా ఆడాలని మూత లేకుండా వదిలేశాను. ప్రేమకొద్దీ రోజూ పొద్దున్నే నీళ్లన్నీ పారబోసి, అప్పుడే పట్టిన నల్లా నీళ్లు నింపాను. కొద్దిరోజులకే చేప రెక్కలు ముడుచుకొని మూలకు చేరింది. వేసిన గింజను చూసి మొహం తిప్పుకుంది. రోగిష్టి చేపను అంటగట్టావని దుకాణదారుకు ఫోన్ చేసి నిలదీశాను.

“అన్నా, నీళ్లు ఎట్ల మారుస్తున్నవ్?”

“రోజు నీళ్లన్ని మారుస్త.”

“రోజు ఇల్లు మారిస్తె నీకు మంచిగుంటదా? నల్లా నీళ్లు పట్టి ఒకరోజు పక్కకు పెట్టు. వారానికోసారి సగం కంటె తక్కువనే మార్చు. మేత గూడ కుప్పలు పొయ్యకు.”

కుప్పలు పోసేవాడిలా నేను అతనికి ఎందుకు కనిపించానో ఇప్పటికీ తెలియదు. అతని మాట తప్పని నిరూపించడానికే అతను చెప్పినట్లు తు.చ. తప్పకుండా చేశాను. చేప కాస్త తేరుకుంది. (అది నాకు కొంచెం కష్టంగానే తోచింది.) కానీ మాటిమాటికీ పైకి వచ్చి, నోరు బయటపెట్టబోయి వెనక్కి తిరిగేది. ఫైటర్ చేప పైకొచ్చి గాలి పీల్చుకోవాలట, అది దాని పుట్టుక. మరి ఎందుకు పీల్చుకోవడం లేదు? ఇంతలో దసరా కూడా వెళ్లిపోయింది. నాకు చేప మీద ఎంత దిగులో, బావ నవ్వు మీదా అంతే దిగులు.

ఒక మధ్యాహ్నం షెడ్డులోంచి వచ్చిన అమ్మ తొట్టి దగ్గర ఆగింది.

“మంచినీళ్ల బిందెకు గుడ్డ కడుతం, పెరుగు గిన్నెకు గుడ్డ కడుతం. గీ చేప ఏం పాపం జేసింది కొడుకా? నీళ్ల మీద ఎంత దూది పడ్డదో సూడు!”

వంగి చూశాను. సాంచెల నుంచి ఎగిరిన దూది నూగు నీళ్ల మీద పొరలా పరుచుకొని ఉంది. నూలు నేసే ఇంట్లో పుట్టి, బిందెకు కట్టిన గుడ్డలోంచి నీళ్లు ముంచుకొని పెరిగిన నేను, చేప సుఖం కోసం తొట్టిని బార్లా తెరిచి పెట్టాను. కాగితంతో ఆ పొరను తీసేశాను. మా సాంచె మీదే నేసిన పల్చటి తెల్లగుడ్డను అమ్మ చించి ఇస్తే, తొట్టి మూతికి బిగించి, మిగిలిన అంచులను అద్దాల మీదికి వదిలాను. కొన్నాళ్లకు చేప తోక విప్పి, మూలన నురగ బుడగలతో గూడు కూడా కట్టింది.

అన్నట్టే బావ వచ్చాడు, చేతిలో రాజన్న ప్రసాదంతో. గుమ్మంలోనే తొట్టిని, దాని మీది తెల్లగుడ్డను చూసి చెప్పులు వదిలి మెల్లగా లోపలికి నడిచాడు. నా భుజం మీద చెయ్యేశాడు.

“గుడ్డ గూడ కప్పినవా బామ్మర్ది... బాధపడకు. నేను ముందుగాల్నే చెప్పిన గద.”

నిదానంగా గుడ్డ విప్పాను. బావ అద్దానికి మొహం ఆనించాడు. చేప దూసుకొచ్చి, మొప్పలు గొడుగుల్లా విప్పి, సరిగ్గా ఆయన ముక్కు ఎదుట నిలబడింది. బావ ఎగిరి వెనక్కి పడబోయాడు.

“అబ్బో, ఏం కోపమే అత్తమ్మా! బతికింది గాని, అచ్చం నీ కొడుకు లెక్కనే తయారైంది!”

అందరికంటే గట్టిగా నవ్వింది మా అమ్మే. గెలిచిన రోజున కూడా నాకు మిగిలింది మరో మాట.

ఆ చేప నిండుగా బతికి వెళ్లిపోయింది. ఇప్పుడు ఆ తొట్టిలో దాని వారసుడున్నాడు, గుడ్డ మాత్రం అలాగే ఉంది. బావ ఫోన్ చేస్తే ముందు “చేప మంచిగున్నదా?” అని అడిగి, ఆ తరువాతే నా సంగతి అడుగుతాడు. (ఇదీ గుర్తుంచుకున్నాను.) అప్పుడప్పుడు తొట్టి పక్కన చిన్న అద్దం పెడతాను. చేప తన నీడనే శత్రువనుకొని మొప్పలు విప్పి లేస్తుంది. దానికి అది మంచి కసరత్తట. అద్దం తీయగానే అంతా మరిచిపోయి, తోక ఊపుకుంటూ గింజ కోసం నా వేలి దగ్గరికి వచ్చేస్తుంది. ఇన్నేళ్లుగా దాని పక్కనే కూర్చుంటున్నాను, ఆ విద్య ఒక్కటే నాకు అబ్బలేదు.